గోడ మీద బొమ్మకు అనుమతి: రంగు డబ్బా మూత తీయకముందు చేయాల్సిన పనులు

అపార్ట్‌మెంట్ పక్క గోడ మీదో, స్కూలు కాంపౌండ్ మీదో పెద్ద బొమ్మ వేయించాలనుకునేవాళ్లు నాకు ఫోన్ చేసి ముందు రేటు అడుగుతారు, చదరపు అడుగుకి ఎంతని. తర్వాత డిజైన్ సంగతి. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, "మున్సిపాలిటీ వాళ్లు ఏమీ అనరు కదండీ?" అంటారు. నా లెక్కలో పని ఆ ప్రశ్నతోనే మొదలవ్వాలి. బొమ్మలో తేడా వస్తే మళ్లీ దిద్దుకోవచ్చు. కాగితాలు సరిగా లేకపోతే ఎంత మంచి బొమ్మయినా ఒక్క పూటలో సున్నం కిందికి పోతుంది.

మాది ఖమ్మం. నాన్న గోడరాతల ఆర్టిస్టు. ఎరువులు, సిమెంటు, బీడీల ప్రకటనలు రాసేవారు, ఎలక్షన్లు వస్తే అన్ని పార్టీల గుర్తులూ వేసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. నేను మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో గోడలు వేస్తున్నాను. అప్పుడప్పుడు విజయవాడ, విశాఖ కూడా వెళ్తుంటాను. అందుకే ఇక్కడ రాసేది ఎక్కువగా జీహెచ్‌ఎంసీ, అంటే హైదరాబాద్ కార్పొరేషన్ లెక్క. వేరే ఊళ్లలో ఆఫీసుల పేర్లు మారతాయి కానీ వాళ్లు అడిగేవి దాదాపు ఇవే.

చట్టంలో బొమ్మ ఎక్కడుంది

గోడ మీద బొమ్మ కోసమని విడిగా రాసిన సెక్షన్ జీహెచ్‌ఎంసీ చట్టంలో నాకు కనబడలేదు. 1955 నాటి ఆ చట్టంలో 421వ సెక్షన్ ఉంది, అది ప్రకటనల గురించి. కమిషనర్ రాతపూర్వక అనుమతి లేకుండా భవనం మీద గానీ గోడ మీద గానీ ప్రకటన పెట్టకూడదని దాని సారం. దీనికి తోడు 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం ఒకటుంది, జనానికి కనబడే చోట్ల గోడలు పాడుచేయడాన్ని, అసభ్యమైన పోస్టర్లను ఆపడానికి తెచ్చింది. అంటే ఆఫీసులో మీ బొమ్మను చూసేది రెండు కళ్లద్దాల్లోంచి: ఇది ప్రకటనా, లేక గోడ పాడుచేయడమా. "ఇది కళ" అనే మూడో అద్దం ఆ టేబుల్ మీద లేదు. బొమ్మ ఈ రెండిట్లో ఏదీ కాదని కాగితం మీద చూపించే బాధ్యత మనదే.

సొంత ఇంటి గోడకు రంగు వేసుకోవడానికి ఎవరూ బిల్డింగ్ పర్మిషన్ అడగరు. కాబట్టి టౌన్ ప్లానింగ్ వాళ్లతో గొడవ రావడం అరుదు. వచ్చే చిక్కులన్నీ మూడు చోట్ల వస్తాయి: గోడ ఎవరిది, దాని మీద ఎవరి పేరుంది, పరంజా ఎవరి నేల మీద నిలబడింది.

గోడ ఎవరిది

ఇండిపెండెంట్ ఇల్లయితే ఓనర్ ఉత్తరం చాలు. దాని మీద ఇంటి నంబరు, ఆస్తిపన్ను రసీదు నంబరు ఉండాలి. పన్ను రసీదు జిరాక్సు జతచేస్తే ఆఫీసులో సగం ప్రశ్నలు ఆగిపోతాయి.

అపార్ట్‌మెంట్లలోనే అసలు తలనొప్పి. చివరి ఫ్లాటు ఓనర్ ఉత్సాహంగా "నా బెడ్‌రూమ్ గోడే కదా, వేసేయండి" అంటారు. లోపలి వైపు ఆయనదే. బయటి వైపు మాత్రం అందరిదీ. 1987 అపార్ట్‌మెంట్ల చట్టంలో ప్రధాన గోడలు, పైకప్పు, పునాదుల వంటివన్నీ ఉమ్మడి భాగాల్లోకే వస్తాయి. కాబట్టి అసోసియేషన్ మీటింగ్ పెట్టి తీర్మానం చేయాలి. మినిట్స్ బుక్‌లో రాసిన తీర్మానం కాపీ, దాని మీద ప్రెసిడెంట్, సెక్రటరీ సంతకాలు, అసోసియేషన్ ముద్ర అన్నీ కావాలి. వాట్సాప్ గ్రూపులో వచ్చిన బొటనవేళ్లు తీర్మానం కిందికి రావు. ఆరు నెలల తర్వాత కొత్త కమిటీ వచ్చి "మాకెవరూ చెప్పలేదే" అంటే చూపించడానికి మీ దగ్గర ఉండేది ఆ మినిట్స్ కాపీ ఒక్కటే.

ఇంకో చిన్న విషయం, చాలామంది తడబడేది ఇక్కడే. పక్క గోడ మనదే అయినా దాని కింద నేల పక్కవాళ్లది కావచ్చు. పాత కాలనీల్లో సెట్‌బ్యాక్ వదలకుండా హద్దు మీదే గోడ లేపిన ఇళ్లు బోలెడు. అక్కడ పరంజా నిలబెట్టాలంటే పక్క ప్లాటాయన ఒప్పుకోవాలి. ఆయన మామిడిచెట్టు మీద రంగు చుక్కలు పడతాయి, కుర్రాళ్లు పైనుంచి వాళ్ల పెరట్లోకి చూస్తారు. ముందే వెళ్లి, "బాబాయ్ గారూ, ఇన్ని రోజులు పడుతుంది, చెట్టు మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతాం, సాయంత్రం ఆరు తర్వాత ఎవరూ పైన ఉండరు" అని చెప్పి నాలుగు వాక్యాల ఒప్పుదల రాయించుకోండి. పక్కింటివాళ్ల కంప్లైంట్‌తో ఆగిన పనులను నేను చాలా చూశాను, ఆఫీసు తనంతట తాను వచ్చి ఆపినవి తక్కువ.

ప్రభుత్వ గోడలైతే ముందు ఆ గోడ ఏ శాఖదో తేల్చుకోండి. ఫ్లైఓవర్ స్తంభం జీహెచ్‌ఎంసీది కావచ్చు, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏది కావచ్చు, నేషనల్ హైవే వాళ్లది కావచ్చు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే హెచ్‌ఎండీఏ కట్టింది, దాని స్తంభాలకు జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో దరఖాస్తు పెడితే తిరగడమే మిగులుతుంది. సర్కారు బడి అయితే హెడ్‌మాస్టర్, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానం, దాన్ని పట్టుకుని ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు. మెట్రో స్తంభాల జోలికి సొంతంగా వెళ్లొద్దు. 2002 నాటి మెట్రో రైల్వే చట్టం 62వ సెక్షన్ ప్రకారం అధికారం లేకుండా మెట్రో ఆవరణలో రాయడం, బొమ్మ గీయడం కూడా నేరమే. పైగా ఆ స్తంభాల మీద ప్రకటనల హక్కులు అమ్ముకునే లెక్క వేరే ఉంటుంది.

ఖైరతాబాద్ దగ్గర ఎంఎస్ మక్తాకు ఒకసారి వెళ్లి రండి. వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు జీహెచ్‌ఎంసీ తోడ్పాటుతో అక్కడి ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించారు. ఆ సందుల్లో నడుస్తుంటే ఒక సంగతి తెలుస్తుంది: కార్పొరేషన్ వెనక ఉన్నా సరే, గోడ మాత్రం ఎవరింటి గోడ వాళ్లదే. ఒక్కో బొమ్మ వెనక ఒక్కో కుటుంబం "సరే" అనాల్సిందే.

పాత కట్టడాల విషయంలో నేను గట్టిగానే చెబుతాను. చార్మినార్, గోల్కొండ లాంటి కేంద్ర రక్షిత కట్టడాల గోడ మీద గీత గీస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడేంత కఠినంగా ఉంది 2010లో సవరించిన చట్టం. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం కూడా ఉంది. చట్టం సంగతి పక్కనపెట్టినా, డంగు సున్నంతో కట్టిన పాత గోడ మీద ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయడం ఆ గోడకు చేసే ద్రోహం. సున్నపు గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతూ బతుకుతుంది. పైన ప్లాస్టిక్ పొర పడితే చెమ్మ లోపలే నిలిచి, రెండు మూడు వానాకాలాల్లో గచ్చు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. ఓనర్ ఒప్పుకున్నా, ఆఫీసు ఒప్పుకున్నా నేను అలాంటి గోడ ముట్టుకోను. మీరూ ముట్టుకోవద్దని నా మనవి.

ప్రకటనా, బొమ్మా

ఫైలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. స్పాన్సర్ లేకుండా పెద్ద గోడ వేయడం కష్టం. రంగులే వేలల్లో అవుతాయి, పైకి వెళ్లే బూమ్ లిఫ్ట్ అద్దె రోజువారీ లెక్క. స్పాన్సర్ డబ్బు ఇచ్చాక లోగో అడుగుతాడు, అడగడంలో తప్పు లేదు. కానీ ఆ లోగో గోడ మీదికి ఎక్కిన క్షణం మీ బొమ్మ ప్రకటన అవుతుంది.

2020 ఏప్రిల్‌లో తెలంగాణ పురపాలక శాఖ జీవో 68 ఇచ్చింది. దాని ప్రకారం జీహెచ్‌ఎంసీ పరిధిలో నేల నుంచి 15 అడుగులు దాటి ప్రకటన ఏదీ ఉండకూడదు. పాత పెద్ద హోర్డింగులు దిగిపోవడానికి కారణం ఆ జీవోనే. ఇప్పుడు ఆలోచించండి: నాలుగంతస్తుల గోడ మీద పైమూలలో పెయింట్ కంపెనీ లోగో వేస్తే అది 40 అడుగుల ఎత్తులో ఉన్న ప్రకటన. ఫైన్ పడేది భవనం ఓనర్‌కి, నోటీసు అంటించేది వాచ్‌మన్ గది తలుపుకి, తిట్లు తినేది ఆర్టిస్టు. ఈ జీవోలు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజుకి ఏది అమల్లో ఉందో ప్రకటనల విభాగంలో అడిగి, నంబరు రాసుకోండి.

నేను స్పాన్సర్లతో ముందే తేల్చేస్తాను. గోడ మీద పేరు రాదు. గేటు లోపల, రోడ్డుకి కనబడకుండా, చేతులు చాపినంత స్టీలు పలక మీద "ఫలానా వారి సహకారంతో" అని వేస్తాను. వీడియోలో, ఫోటోల కింద ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా పేరు చెబుతాను. ఒప్పుకోని స్పాన్సర్‌తో పని చేయాలంటే ఆ గోడను ప్రకటనగానే ఒప్పుకుని, ఫీజు కట్టి, ప్రకటన అనుమతి తీసుకోవాలి. మధ్యలో నడిచే దారి లేదు.

కంపెనీ రంగులు కూడా చూసుకోవాలి. పేరు లేకపోయినా, ఫలానా కూల్ డ్రింక్ ఎరుపులో ఫలానా ఆకారం సీసా కనిపిస్తే చిన్నపిల్లాడు కూడా పేరు చెబుతాడు. అధికారి చెప్పడా? ఇక ఆర్టిస్టు సంతకం. పేరు, సంవత్సరం వేయండి, అది మీ హక్కు. కింద ఫోన్ నంబరు, క్యూఆర్ కోడ్ మాత్రం వేయొద్దు. నంబరు పడితే సంతకం కాస్తా మీ వ్యాపార ప్రకటన అవుతుంది.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరం ప్రకటనల కంపెనీలతో కోర్టు తగాదాల్లో పడి, దాదాపు పదేళ్ల పాటు ప్రైవేటు భవనాల మీద కొత్త బొమ్మలే లేకుండా చేసుకుంది. 2013లో కొత్త ఆర్డినెన్స్ తెచ్చి వ్యాపార సందేశం లేని బొమ్మను ప్రకటన నుంచి విడదీసింది. బొమ్మను రిజిస్టర్ చేయించుకోవాలి, కనీసం రెండేళ్లు అలాగే ఉంచుతామని ఓనర్ ఒప్పుకోవాలి. మన కార్పొరేషన్లలోనూ అలాంటి ఒక్క పేజీ నిబంధన ఉంటే చాలు, ఎంతోమంది ఆర్టిస్టులకు తిరుగుడు తప్పుతుంది. వార్డు కమిటీల్లో, ప్రజావాణిలో ఈ మాట నేను అడుగుతూనే ఉన్నాను. మీరూ అడగండి.

బొమ్మలో ఏముంది

ఎన్నికల గుర్తులు. నాన్న దగ్గర నేర్చుకున్నది ఇదే మొదటిది. సైకిలు, ఫ్యాను, కారు, హస్తం, కమలం, గాజుగ్లాసు, గాలిపటం, కంకి కొడవలి. ఇవన్నీ మామూలు వస్తువులే. సంక్రాంతి బొమ్మలో గాలిపటం లేకుండా ఎలా? పాతబస్తీ గోడ మీద ఒక్క గాలిపటం ఆకాశంలో పెద్దగా నిలబడితే అది పార్టీ గుర్తే. అదే రంగురంగుల చిన్న గాలిపటాలు పాతిక, తోకలతో, పట్టుకున్న పిల్లలతో సహా వేస్తే పండగ. సైకిలు తొక్కే పిల్ల బొమ్మ వేస్తే పిల్ల ముఖం ముందుకు రావాలి, సైకిలు పక్క నుంచి పూర్తిగా కనబడకూడదు. కొలనులో తామరలు గుంపుగా, ఆకులతో, కొన్ని మొగ్గలతో వేయండి.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఎన్నికల ప్రకటన వచ్చిందంటే గడియారం మొదలవుతుంది. ప్రభుత్వ ఆఫీసుల ఆవరణల్లో అనుమతి లేని రాజకీయ రాతలు, పోస్టర్లు 24 గంటల్లో, బస్టాండ్లు, వంతెనలు, స్తంభాల్లాంటి చోట్ల 48 గంటల్లో, ప్రైవేటు ఆస్తుల మీద 72 గంటల్లో తీసేయాలని ఎన్నికల సంఘం నియమం. ఆ మూడు రోజుల్లో సున్నం బకెట్ పట్టుకుని తిరిగే మనిషికి మీ భావం వివరించే అవకాశం ఉండదు. ఆయనకు గుర్తు కనబడుతుంది, కుంచె తిరుగుతుంది. నాయకుల ముఖాలు అయితే ఇక చెప్పక్కర్లేదు.

రంగు కూడా మాట్లాడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకు అధికార పార్టీ రంగులు వేశారని కేసు నడిచింది గుర్తుందా? 2020 మార్చిలో హైకోర్టు వాటిని తీసేయమంది. ఎర్రమట్టి రంగు ఒకటి చేర్చి ప్రభుత్వం జీవో 623 ఇస్తే మే నెలలో దాన్నీ కొట్టేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. అది ప్రభుత్వ భవనాల సంగతి, మీ ఇంటికి మీ ఇష్టమైన రంగు వేసుకోవచ్చు. కానీ సర్కారు బడికో, వార్డు ఆఫీసుకో బొమ్మ వేస్తున్నప్పుడు నేపథ్యంలో పెద్ద పట్టీలుగా రెండు మూడు రంగులు పక్కపక్కన పెట్టేముందు, దూరం నుంచి చూస్తే అది ఏ జెండాలా ఉందో ఒకసారి చూసుకోండి. ఫోన్‌లో స్కెచ్ ఫోటోని బాగా మసకబరిచి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

నాలుగు సింహాల ప్రభుత్వ చిహ్నం వాడొద్దు, దానికి 2005లో వచ్చిన చట్టమే ఉంది. జాతీయ జెండా వేస్తే కాలువ పక్కన, చెత్తకుండీ పైన వేయొద్దు. దేవుళ్ల బొమ్మలు కాంపౌండ్ గోడల మీద వేయమని అడిగేది చాలాసార్లు అక్కడ ఎవరూ మూత్రం పోయకుండా. నేను ఒప్పుకోను. ఆ కింద లైటు పెట్టించండి, మొక్కల తొట్లు పెట్టించండి, దేవుడికి ఆ కాపలా పని అప్పగించడం నాకు మనసొప్పదు.

పరంజా, కరెంటు, రోడ్డు

పరంజా మీ ఆవరణ లోపలే నిలిస్తే ఎవరూ రారు. ఒక్క కర్ర ఫుట్‌పాత్ మీద దిగినా అది ఆక్రమణ లెక్క, రోడ్డుకి అడ్డంగా పెట్టినదాన్ని నోటీసు ఇవ్వకుండానే తీసేసే అధికారం కమిషనర్‌కి ఉంది. కాబట్టి ఫుట్‌పాత్ వాడాలంటే ఎన్ని రోజులో, ఎన్ని అడుగులో రాసి సర్కిల్ ఇంజనీరింగ్ వాళ్ల దగ్గర అనుమతి తీసుకోండి. బూమ్ లిఫ్ట్ రోడ్డు మీద నిలబడాలంటే ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో కూడా ఉత్తరం ఇవ్వాలి. ఆదివారం పొద్దున అడిగితే ఇస్తారు, సోమవారం సాయంత్రం అడిగితే ఇవ్వరు.

కరెంటు తీగల విషయంలో మాత్రం ఎవరు తొందరపెట్టినా వినొద్దు. 11 కేవీ లైనుకీ భవనానికీ మధ్య కనీసం 1.2 మీటర్ల అడ్డం దూరం ఉండాలని నిబంధన. మన సందుల్లో ఎన్ని చోట్ల ఉందో మీరే చూడండి. రోలర్‌కి తగిలించే పొడుగు కర్రలు ఎక్కువగా అల్యూమినియంవి. పైనుంచి రోలర్ వెనక్కి తిప్పితే కర్ర చివర ఎక్కడికి వెళ్తుందో వేసేవాడికి కనబడదు, వాడి చూపు గోడ మీద ఉంటుంది. అందుకే గోడ పక్కన లైను ఉంటే కరెంటు వాళ్ల సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆఫీసుకి వెళ్లి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ అడగండి. లైన్‌మన్ వచ్చి సప్లై ఆపి, "ఎల్‌సీ ఇచ్చాం" అన్నాకే పైకి ఎక్కాలి. ఎల్‌సీ గంటల లెక్కన దొరుకుతుంది కాబట్టి లైనుకి దగ్గరున్న భాగం ఒక్కటే ఆ టైమ్‌లో పూర్తిచేసుకునేలా పని విడగొట్టుకోండి. కర్రలు ఫైబర్‌వి కొనండి.

ఉత్తరం ఎలా రాయాలి

ప్రైవేటు గోడకి నేను "అనుమతి ఇవ్వండి" అని రాయను. ఏ సెక్షన్ కింద ఇవ్వాలో తెలియక ఫైలు టేబుల్ నుంచి టేబుల్‌కి తిరుగుతుంది. సమాచారం ఇస్తూ, అభ్యంతరం ఉంటే రాసివ్వమని అడుగుతాను. ఇలా:

"డిప్యూటీ కమిషనర్ గారికి, ఫలానా సర్కిల్. ఫలానా ఇంటి నంబరు గల మా భవనం తూర్పు వైపు బయటి గోడ మీద, 42 అడుగుల ఎత్తు 28 అడుగుల వెడల్పున, ఒక చిత్రం వేయిస్తున్నాము. ఇందులో ఏ వ్యాపార సంస్థ పేరు, లోగో, ఫోన్ నంబరు, ధర గానీ, రాజకీయ పార్టీ పేరు, గుర్తు, నాయకుల చిత్రం గానీ ఉండవు. ఇది ప్రకటన కాదు. పని ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరుగుతుంది. పరంజా మా ఆవరణలోనే ఉంటుంది. కొలతలతో కూడిన రంగు స్కెచ్, యజమాని ఒప్పుదల, అసోసియేషన్ తీర్మానం జతచేశాము. తమకు అభ్యంతరం ఏదైనా ఉంటే పని మొదలయ్యే తేదీలోపు రాతపూర్వకంగా తెలియజేయగలరు."

పని తేదీ దరఖాస్తు పెట్టిన రోజుకి కనీసం నెల రోజులు దూరంగా పెట్టుకోండి. జవాబు రాకపోతే అనుమతి వచ్చేసినట్టు అనుకోకూడదు. ముందే చెప్పామని, దాచిపెట్టి చేయలేదని చూపించే సాక్ష్యం మాత్రమే అది. దానికీ విలువ ఉంది. ప్రభుత్వ గోడ అయితే ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ చేతికి అనుమతి పత్రం రావాలి, నోటి మాట మీద కుంచె ముంచొద్దు.

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు (ఉత్తరం అందినట్టు ఆఫీసు వేసే నంబరు), తేదీ వేయించుకోండి. ఇంకో పని కూడా చేయించండి: స్కెచ్ మీద కూడా ముద్ర. ఉత్తరం మీద వేశాం కదమ్మా అంటారు, బతిమాలైనా సరే స్కెచ్ మీద కొట్టించుకోండి. తర్వాత గొడవ ఎప్పుడు వచ్చినా "మీరు చూపించిన బొమ్మ వేరు, వేసింది వేరు" అనే మాటతోనే వస్తుంది. ముద్ర ఉన్న స్కెచ్ తీసి గోడ పక్కన పట్టుకుంటే మాట అక్కడితో ఆగుతుంది. అందుకే స్కెచ్ ఏదో అందంగా కాకుండా, గోడ మీది కిటికీలు, ఏసీ డబ్బాలు, డ్రైనేజీ పైపులు ఉన్న చోట ఉన్నట్టు గీసి, పక్కన అడుగులు రాసి ఇవ్వాలి.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ దగ్గర మొదలుపెట్టండి. పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి. ఫైలు కదలకపోతే గొంతు పెంచొద్దు, పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి "నా ఇన్‌వర్డ్ నంబరు మీద తీసుకున్న చర్య ఏమిటి" అని అడగండి. 30 రోజుల్లో జవాబు చెప్పాల్సిందే.

బొమ్మ పూర్తయ్యాక ఎవరిది

అనుమతి గురించి ఇంత అడిగేవాళ్లు, బొమ్మ వేశాక దాని గతేమిటని అడగరు. నాకు బాధ కలిగించేది ఇదే. ఒక కాలనీలో వేసవి అంతా ఎండలో నిలబడి చెరువు గట్టు, కొంగలు, చాకిరేవు వేశాం. ఏడాది తిరగకుండా కొత్త కమిటీ దాని మీద లేత పసుపు కొట్టించేసింది. వాళ్ల గోడ, వాళ్ల హక్కు. మాకు ఒక్క ఫోన్ చేస్తే ఫోటోలైనా తీసుకునేవాళ్లం.

చట్టం ఇక్కడ ఆర్టిస్టుకి కొంత ఇస్తుంది, కొంత తీసుకుంటుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బు తీసుకుని ఎవరి కోసమైనా పెయింటింగ్ వేస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ డబ్బు ఇచ్చినవాళ్లదే. అదే చట్టం 57వ సెక్షన్ మాత్రం, కాపీరైట్ ఎవరికి పోయినా, ఇది నా పని అని చెప్పుకునే హక్కు, తన పేరుకి మచ్చ తెచ్చేలా దాన్ని పాడుచేస్తే అడిగే హక్కు వేసినవాళ్లకే ఉంచింది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కాంస్య కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇమ్మని, 5 లక్షల పరిహారం కట్టమని ప్రభుత్వానికి చెప్పింది. గెలుపు గొప్పదే, కానీ దానికి పట్టిన కాలం చూడండి. మనలాంటివాళ్లు అన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగలేం. అందుకే వంద రూపాయల స్టాంపు పేపరు మీద ముందే రాసుకోవాలి.

నేను రాయించేవి ఇవి. కాపీరైట్ ఆర్టిస్టుది, బొమ్మ ఫోటోలు తమ సొంత అవసరాలకు వాడుకునే హక్కు ఓనర్‌ది, వేరే కంపెనీ ప్రకటనలో వాడాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. కనీసం మూడేళ్లు బొమ్మను ఉంచాలి. గోడ రిపేరు, లీకేజీ లాంటి తప్పనిసరి పని వస్తే 30 రోజుల ముందు చెప్పాలి, అప్పుడు ఆర్టిస్టు వచ్చి ఫోటోలు తీసుకుంటారు, వీలైతే ఆ భాగం మళ్లీ వేస్తారు. కొత్త ఏసీ యూనిట్లు, కేబుళ్లు బొమ్మ మీదుగా బిగించకూడదు. ఏడాదికోసారి నీళ్లతో కడగడం ఓనర్ బాధ్యత, రెండేళ్లలోపు రంగు పెచ్చు లేస్తే దిద్దడం మా బాధ్యత, పైపు లీకై చెమ్మ వస్తే మాది కాదు. ఈ చివరి ముక్క రాసుకోకపోతే పై ఫ్లాటు బాత్‌రూమ్ లీకేజీ కూడా మీ నెత్తినే పడుతుంది.

ఇవన్నీ అడిగితే పని పోతుందేమోనని కొత్త ఆర్టిస్టులు భయపడతారు. పోదు. చదివి, ఒకటి రెండు మార్పులు అడిగి సంతకం పెట్టే ఓనర్లే ఎక్కువ. మూడేళ్లు కుదరదు, రెండేళ్లు అంటారు. సరే అనండి.

నోటీసు వస్తే

పని మధ్యలో గానీ తర్వాత గానీ నోటీసు వస్తే, వచ్చినాయనతో రోడ్డు మీద వాదన పెట్టుకోవద్దు. పని ఆపండి, నోటీసు ఫోటో తీయండి, అందులో ఏ సెక్షన్ రాశారో చూడండి. ప్రకటనల సెక్షన్ అయితే మీ జవాబులో ఒకటే మాట: ఇందులో ఎవరి పేరూ, సరుకూ, నంబరూ లేదు, ముద్ర వేసిన స్కెచ్ జత. రోడ్డు ఆక్రమణ అయితే ఆ రోజే పరంజా లోపలికి జరిపి, జరిపిన ఫోటో జతచేయండి. అభ్యంతరం బొమ్మలో ఒక భాగం మీదైతే ఆ భాగం మాత్రం మారుస్తామని రాసివ్వండి, దానికి కొత్త స్కెచ్ కూడా పెట్టండి. గడువులోపు జవాబు ఇచ్చి, దాని మీద కూడా ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఓనర్‌కి ఒక కాపీ, మీ ఫైల్లో ఒక కాపీ. ఆఫీసు నుంచి జవాబు వచ్చేదాకా గోడ మీద తడి రంగు ఉన్న చోట ప్లాస్టిక్ పట్టా కప్పి, పరంజా బోల్టులు వదులుగా లేకుండా రోజూ ఒక మనిషిని పంపి చూపించండి.